నాలుగు కొమ్ముల ఊసరవెల్లి మన ఎండకు బతుకుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ళ కోసం అదేమిటో ముందు క్లుప్తంగా చెప్తాను. హైదరాబాద్‌లో ఒకాయన మీ ఫోన్‌కి ఒక ఊసరవెల్లి ఫొటో పంపాడు. ముక్కు మీద నాలుగు కొమ్ములు, వీపు మీద తెరచాపలా లేచిన పట్టీ. "కామెరూన్ అడవుల్లోది, చాలా రేర్. ఆఫ్రికాదే కదా, మన ఎండలు దానికి లెక్కే కాదు. చాలా సాధువు, చూడండి కళ్ళు మూసుకుని ఎలా కూర్చుందో" అన్నాడు. మీ అబ్బాయికి అది తెగ నచ్చేసింది. నిజంగా అంత అరుదైనదేనా, మన దగ్గర బతుకుతుందా, ఇంట్లో పెట్టుకుంటే చట్టంతో ఏమైనా ఇబ్బందా అని మీరు అడిగారు.

నేను పుట్టి పెరిగింది ఖమ్మం జిల్లాలో. ఉద్యోగం కోసం జర్మనీ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. అందులో పదమూడేళ్ళుగా మీరు అడిగిన ఈ జాతినే పెంచుతున్నాను. అన్నీ ఇక్కడి పెంపకంలో పుట్టినవే. ఒక్కోదానికీ కాగితాలున్నాయి, పుట్టినా చచ్చినా అధికారులకు తెలియజేస్తాను. కాబట్టి పుస్తకాల్లో చదివింది కొంత, కళ్ళారా చూసింది కొంత కలిపి చెప్తున్నాను.

అరుదైనదన్న మాట నిజమే. ఎండ అలవాటే అన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఈ రెండింటికీ కారణం ఒకటే, అది ఉండే చోటు. ఆ చోటు గురించి తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకు జవాబు మీకే దొరుకుతుంది.

దీని శాస్త్రీయ నామం ట్రయోసెరోస్ క్వాడ్రికార్నిస్. కామెరూన్ జర్మనీ వలసగా ఉన్న రోజుల్లో, 1899లో, బెర్లిన్ మ్యూజియంలో పనిచేసిన గుస్తావ్ టార్నియర్ దీన్ని మొదటిసారి వర్ణించాడు. పేరులో నాలుగు కొమ్ములని ఉన్నా, మగవాటిలో ఒక్కోసారి రెండే ఉంటాయి, ఒక్కోసారి ఆరు దాకా ఉంటాయి. ఆడవాటికి కొమ్ములుండవు, ఉన్నా చిన్న బొడిపెల్లా కనిపిస్తాయి. మగది తోకతో కలిపి ఒక అడుగు దాకా పెరుగుతుంది. దవడ కింద గడ్డంలా వేలాడే పొలుసులు, ఆకుపచ్చ ఒంటి మీద నీలం, పసుపు మచ్చలు ఉంటాయి. తుప్పు రంగు తిరిగిన తోకను గడియారం స్ప్రింగులా చుట్టుకుని కూర్చుంటే, అంత అందమైన ప్రాణిని నేను ఇంకోదాన్ని చూడలేదు.

ఇక చోటు విషయం. మధ్య ఆఫ్రికా వర్షారణ్యం అనగానే మనకు ఉక్కపోత, చెమట, దోమలు గుర్తొస్తాయి. పల్లపు అడవి అలాగే ఉంటుంది కూడా. కానీ కామెరూన్ పడమటి వైపున అగ్నిపర్వతాల వరుస ఒకటుంది. అట్లాంటిక్ సముద్రంలోని అన్నోబోన్, సావో టోమే, ప్రిన్సిపే, బియోకో దీవుల దగ్గర మొదలై, నేల మీదికి వచ్చి, కామెరూన్ పర్వతం, కుపే, మానెంగూబా, బంబూటోస్, ఓకు అంటూ ఈశాన్యంగా సాగిపోతుంది. మన నాలుగు కొమ్ములది ఉండేది ఈ కొండల పై భాగంలో, దాదాపు 1,800 మీటర్ల పైన. మానెంగూబా ఎత్తు 2,411 మీటర్లు, ఓకు 3,011 మీటర్లు. అసలు రకం మానెంగూబా కొండది. గ్రాసిలియర్ అనే ఉపజాతి బంబూటోస్, ఓకు వైపు, సరిహద్దు దాటితే నైజీరియాలోని ఒబుడు పీఠభూమి మీద ఉంటుంది.

డిసెంబర్‌లో తెల్లవారుజామున లంబసింగి వెళ్ళారా ఎప్పుడైనా? పొగమంచులో పది అడుగుల అవతల మనిషి కనపడడు, ఆకుల చివర్ల నుంచి నీళ్ళు కారుతుంటాయి, చేతులు జేబుల్లోంచి తీయాలనిపించదు. ఆ లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ ఊసరవెల్లి దానికి రెట్టింపు ఎత్తులో, దాదాపు ఏడాది పొడవునా అలాంటి రాత్రుల్లోనే బతుకుతుంది. పగలు ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు, రాత్రి పది, పన్నెండు. చెట్ల కొమ్మల నిండా నాచు, నాచు నిండా నీళ్ళు. ఎండ కాసేపు వచ్చి పోతుంది, దాని కోసం ఇవి కొమ్మ అంచుకు వచ్చి ఒళ్ళు నల్లగా చేసుకుని, పక్కకు తిరిగి పలకలా సాగి కాచుకుంటాయి. కాస్త వెచ్చబడగానే రంగు తేరి మళ్ళీ ఆకుల్లోకి వెళ్ళిపోతాయి.

అంత చలిలో బల్లి జాతి ప్రాణి వేట ఎలా ఆడుతుందని నాకు మొదట్లో సందేహంగా ఉండేది. మన గోడమీది బల్లి కూడా చలికాలం మందకొడిగానే ఉంటుంది కదా. దీని రహస్యం నాలుకలో ఉంది. ఊసరవెల్లి నాలుకను కేవలం కండబలంతో విసరదు. నాలుక మధ్యలో ఒక సన్నటి ఎముక, దాని చుట్టూ సాగే గుణమున్న పొరలు ఉంటాయి. కండరం ముందుగా నెమ్మదిగా బిగిసి ఆ పొరలను సాగదీసి ఉంచుతుంది. వదలగానే విల్లులోంచి బాణంలా నాలుక దూసుకుపోతుంది. చలికి కండరం మందగించినా, సాగదీసిన విల్లు మందగించదు. 2010లో ప్రచురించిన ఒక పరిశోధనలో యెమెన్ ప్రాంతపు ఊసరవెల్లి మీద దీన్ని కొలిచారు. శరీరం పది డిగ్రీలు చల్లబడితే నాలుకను లోపలికి లాక్కునే సత్తా 42 శాతానికి పైగా పడిపోయింది, విసిరే సత్తా మాత్రం 10 నుంచి 19 శాతమే తగ్గింది. మా ఇంట్లో తెల్లారి పన్నెండు డిగ్రీల్లో కీచురాయిని పెడితే ఇది అచ్చంగా కనిపిస్తుంది. నాలుక వెళ్ళడం మన కంటికి అందదు. తిరిగి రావడం మాత్రం తడి తాడును లాగినట్టు నింపాదిగా వస్తుంది.

చలికి ఇంత చక్కగా అమరిన ఒంటికి వేడి నుంచి తప్పించుకునే దారి పెద్దగా లేదు. దానికి చెమట పట్టదు. అడవిలో అయితే నీడలోకి దిగుతుంది, రంగు తెల్లబరుచుకుంటుంది, నోరు తెరిచి ఊపిరి వదులుతుంది. గాజు పెట్టెలో దిగడానికి నీడ ఎక్కడిది? నా అనుభవంలో 27, 28 డిగ్రీలు కొన్ని గంటలు నిలకడగా ఉంటే చాలు, తిండి మానేస్తుంది. అంతకన్నా ముఖ్యం రాత్రి చల్లదనం. మే నెలలో హైదరాబాద్‌లో పగలు నలభై రెండు, అర్ధరాత్రి కూడా ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. దానికి తన కొండ మీది మధ్యాహ్నం కన్నా హైదరాబాద్ రాత్రే వేడి అన్నమాట.

ఏసీ గది ఉంది కదా అంటారేమో, చాలామంది అంటారు. మీ ఏసీ రిమోట్ 16 దగ్గర ఆగిపోతుంది. పైగా అది గాల్లో తడిని పీల్చేస్తుంది. దీనికేమో రాత్రంతా గాలి తడిగా ఉండాలి. ఇది గిన్నెలో నీళ్ళు పెడితే తాగదు, ఆకు మీద చుక్క మెరిస్తే దాన్ని నాకుతుంది. గాలి పొడిబారితే లోపల్లోపలే ఎండిపోతుంది, ఆ సంగతి మనకు తెలిసేసరికి కిడ్నీలు పోతాయి. ఇక ఎండాకాలం కరెంటు పోతే రెండు గంటల్లో కథ ముగిసిపోతుంది. జర్మనీలో కూడా జులై వేడిగాలులకు నేను వీటిని నేలమాళిగలోకి మారుస్తాను, ఆ వారాల్లో నాకు సరిగ్గా నిద్ర పట్టదు.

ఇప్పుడు మీ ఫొటో గురించి. ఊసరవెల్లి పగటిపూట కళ్ళు మూసుకుని కూర్చుందంటే అది సాధువు అయినందుకు కాదు. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి కళ్ళు పొద్దున వెలుగొచ్చిన దగ్గర్నుంచి చీకటిపడే దాకా ఒకటి అటు, ఒకటి ఇటు తిరుగుతూనే ఉంటాయి. మనల్ని చూస్తే కొమ్మ వెనక్కి జరుగుతుంది, లేదా బుస కొట్టి ఒళ్ళు ఉబ్బిస్తుంది. కళ్ళు మూసి, కదలకుండా, అరచేతిలో పెట్టినా ఊరుకుందంటే అది చివరి దశలో ఉందని అర్థం. ఫొటో పెద్దది చేసి చూడండి. కళ్ళ గుబ్బలు లోపలికి కుంగాయా, పక్కటెముకలు తేలాయా, తోక మొదట్లో ఎముక గాడి కనిపిస్తోందా? మీరు పంపిన ఫొటోలో ఈ మూడూ నాకు కనిపించాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేనూ ఒకప్పుడు ఇలాగే మోసపోయాను. పదమూడేళ్ళ క్రితం ఇక్కడ ఒక సరీసృపాల సంతలో నా మొదటి మగదాన్ని కొన్నాను. పెంపకంలో పుట్టిందే అన్నాడు అమ్మినతను, నేను కాగితం పూర్తిగా చదవలేదు. ఇంటికి తెచ్చాక చూస్తే ఎడమ పక్కన మానిన పాత గాయం, వెనక కాలికి ఒక గోరు లేదు. అడవిలో పట్టుకొచ్చిందని అప్పుడు తెలిసింది. మొదటి రాత్రి ఆకుల మీద నీళ్ళు చల్లితే పావుగంట ఆగకుండా తాగింది. ఎన్ని రోజులుగా దాహంతో ఉందో. మలంతో వచ్చే తెల్లటి ముద్ద తెల్లగా కాకుండా నారింజ రంగులో వచ్చింది, అది ఒళ్ళు ఎండిపోయిందనడానికి గుర్తు. డాక్టర్‌కు చూపించాను, మందులు వాడాను, రాత్రుళ్ళు లేచి లేచి నీళ్ళు చల్లాను. ముప్పై ఏడో రోజు పొద్దున కొమ్మను పట్టుకునే ఉంది, పట్టు వదలలేదు, ప్రాణం మాత్రం లేదు. దాని వేళ్ళు కొమ్మ నుంచి ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. కోసి చూస్తే ఒళ్ళంతా పురుగులు, కిడ్నీలు పాడైపోయి ఉన్నాయి. ఆ వేళ్ళు విడదీసిన పొద్దున నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి అడవి జంతువును కొననని పెట్టుకున్న నియమాన్ని ఇంతవరకు తప్పలేదు.

ఇక అరుదు సంగతి. మీ అమ్మకందారు రేర్ అన్నది ధర కోసం. అసలు విషయం వేరే ఉంది. మానెంగూబా మీద సరైన పొద దగ్గరికి రాత్రి టార్చి పట్టుకుని వెళితే ఇవి ఒకటి కాదు, నాలుగైదు కనిపించవచ్చు. నిద్రలో ఒళ్ళు పాలిపోయి కొమ్మ చివర్లలో తెల్లగా మెరుస్తుంటాయి. పట్టేవాళ్ళకు ఇవి అంత సులువుగా చిక్కడానికి కారణం కూడా అదే. కానీ ఆ ఎత్తు దిగి పది కిలోమీటర్లు నడిస్తే ఒక్కటీ ఉండదు, మళ్ళీ ఇంకో కొండ ఎక్కాలి. ప్రతి కొండ తలా ఒక దీవి లాంటిది, చుట్టూ సముద్రానికి బదులు వేడి పల్లం ఉంటుంది. భూమి ఇప్పటికన్నా చల్లగా ఉన్న కాలాల్లో కొండ అడవి కిందికి దిగి ఒకదానితో ఒకటి కలిసిందని, వేడెక్కినప్పుడు మళ్ళీ పైకి పోయి విడిపోయిందని శాస్త్రవేత్తలు భావిస్తారు. అలా విడిపోయినవి ఎక్కడివక్కడే వేరు జాతులయ్యాయి. కామెరూన్ పర్వతం చుట్టుపక్కల రెండు కొమ్ముల మోంటియం ఉంది, రుంపి కొండల్లో ఐసెన్‌ట్రౌటి, కుపే, బకోసి వైపు ఫెఫెరి ఉన్నాయి. మానెంగూబాలోనే ఉండి ఇంకెక్కడా లేనిది పెరెటి. ఒక్క జిల్లా అంత మేరలో ఇన్ని జాతులు! మన దేశం మొత్తానికి ఉన్న ఊసరవెల్లి జాతి ఒక్కటే.

అలాంటి దీవి తరిగిపోతే ఆ జాతికి వేరే గతి లేదు. బంబూటోస్ వాలుల మీద బంగాళదుంప, క్యాబేజీ సాగు పైపైకి పాకి అడవి చాలావరకు పోయింది. పశువుల మేత కోసం గడ్డికి పెట్టే నిప్పు అంచులను తినేస్తుంది. అక్కడి రైతులను నేను తప్పుపట్టను, నిండుగా జనం ఉన్న కొండలవి, నేల మంచి అగ్నిపర్వత మట్టి. ఓకు దగ్గర కిలుమ్-ఇజిమ్ అడవి కొంత మిగిలిందంటే అక్కడి జనం చొరవ కూడా ఒక కారణం. అక్కడి సరస్సును వాళ్ళు పవిత్రంగా చూస్తారు, 1987 నుంచి పక్షి సంరక్షకులతో కలిసి అడవిని కాపాడే పని జరిగింది. ఆ అడవి పూల నుంచి వచ్చే ఓకు తెల్ల తేనెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అడవి నిలబడితేనే తేనె ఉంటుంది, ఊసరవెల్లికీ అదే అడవి కావాలి. ఈ మధ్య ఏళ్ళలో అక్కడి ఆంగ్లభాషా ప్రాంతాల్లో సాగుతున్న ఘర్షణ వల్ల ఆ పనులన్నీ కష్టమయ్యాయి, అది తలుచుకుంటే బాధేస్తుంది. ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసే ఎర్ర జాబితాలో నాలుగు కొమ్ములది ముప్పు ఉన్న జాతుల్లో ఉంది. పొదల్లో, పొలం గట్ల కంచెల్లో కూడా ఇవి కొంత సర్దుకుంటాయి, కాబట్టి ఆశ లేకపోలేదు. కానీ వాతావరణం వేడెక్కితే ఇంకా పైకి పోవాలి, కొండ శిఖరం పైన ఇంక కొండ లేదు.

పెంపకంలో అసాధ్యమా అంటే కాదు, చల్లటి దేశంలో ఓపిక ఉంటే కుదురుతుంది. మా ఆడది పోయినసారి తడి మట్టిలో పదకొండు గుడ్లు పెట్టింది. పద్దెనిమిది డిగ్రీల్లో ఉంచితే అయిదు నెలలు దాటాక తొమ్మిది పిల్లలొచ్చాయి. ఒక్కోటి నా చిటికెన వేలి రెండు కణుపులంత ఉంది, ఈగ పిల్లంత పురుగుల్ని గురి తప్పకుండా కొడుతోంది. ఆ సంతోషం నాకు తెలుసు కాబట్టే మీ అబ్బాయి ముచ్చట నాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్లల్లో ఒక్కదాన్ని కూడా నేను హైదరాబాద్‌కి ఇవ్వను.

చట్టం గురించి త్వరగా చెప్తాను. ఈ జాతి సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, అంటే ఎగుమతి చేసే దేశం పర్మిట్ లేకుండా సరిహద్దు దాటకూడదు. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సైట్స్ జాబితాలోని జంతువులను నాలుగో షెడ్యూల్ కింద చేర్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, పిల్లలు పుట్టినా చచ్చినా చెప్పాలి. అమ్మేవాణ్ణి ఎగుమతి పర్మిట్, దిగుమతి లైసెన్సు, నమోదు సర్టిఫికెట్ చూపించమనండి. "తర్వాత పంపిస్తా" అన్నాడంటే దొంగ సరుకే. పెట్టెలో, సాక్సుల్లో చుట్టి తెచ్చిన ప్రాణి అది, దానితో పాటు తెచ్చినవి ఎన్ని దారిలోనే పోయాయో.

జాలిపడి దాన్ని కాపాడదామని కొంటారేమో, దయచేసి ఆ పని చేయకండి. మీరిచ్చిన డబ్బుతో ఇంకో నాలుగు పట్టుకొస్తారు. ఫొటో, ఫోన్ నంబరు, మెసేజ్‌లు దాచిపెట్టి అటవీశాఖకు ఇవ్వండి. మీ పేరు బయటికి రాకుండా చూడమని అడగొచ్చు.

మరి మీ అబ్బాయి సంగతి. మనకు "తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు" అనే సామెత ఉంది కదా, దానివల్లో ఏమో చాలామంది తొండనే ఊసరవెల్లి అనుకుంటారు. గోడ మీద తల ఊపుతూ, మెడ ఎర్రబడి కనిపించేది తొండ. అసలు ఊసరవెల్లి మన తెలంగాణ, ఆంధ్రాల్లోనే ఉంది, కామెలియో జెలానికస్ అంటారు. నాలుగు కొమ్ములదానిలాగే కళ్ళు విడివిడిగా తిప్పుతుంది, పట్టకారులాంటి కాళ్ళు, చుట్టుకునే తోక, విసిరే నాలుక అన్నీ ఉంటాయి. చుట్టూ ఉన్న రంగుకు సరిపోయేలా మారుతుందనేది అపోహ. వేడి, చలి, కోపం, భయం, తోడు కోసం ఆరాటం, వీటిని బట్టి మారుతుంది. మడగాస్కర్ ఊసరవెల్లి మీద జెనీవాలో పనిచేసిన శాస్త్రవేత్తలు 2015లో చూపించింది ఏమిటంటే, చర్మకణాల్లో సన్నటి స్ఫటికాల మధ్య ఎడం మారితే వెలుగు తిరిగొచ్చే తీరు మారి మనకు వేరే రంగు కనిపిస్తుంది.

మన ఊసరవెల్లిని కూడా పట్టుకోవడం, పెంచడం నేరమే. చూడటం నేరం కాదు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో తుమ్మచెట్ల మధ్య వీటిని చూసి జనం చెడు శకునమని రాళ్ళతో కొట్టేవాళ్ళు. ఒకసారి మా తాతయ్య అడ్డుపడి నాకు చూపించాడు, అప్పుడు మొదలైంది నా పిచ్చి. తొలకరి వానలు పడ్డాక ఒక సెలవురోజు మీ అబ్బాయిని ఊరి బయట తుమ్మ, రేగు పొదలున్న చోటికి సాయంత్రం తీసుకెళ్ళండి. చీకటి పడ్డాక టార్చి వేసి కొమ్మల చివర్లు వెతకండి, పాలిపోయిన ఆకులా ఒకటి వేలాడుతుంటే అదే. వెలుగు దాని కళ్ళలో ఎక్కువసేపు పెట్టకండి.

పగలు రోడ్డు దాటుతూ కనిపిస్తే చేత్తో పట్టుకోవద్దు. దాని ముందు ఒక పుల్ల పెట్టండి, కాసేపు ఊగి ఊగి తనే ఎక్కుతుంది. అది వెళుతున్న వైపే ఉన్న పొదకి ఆ పుల్లను ఆనించి పెట్టండి, దిగే దాకా కదపకండి.